ఏ బండికి సార్?

రేడియో కొరియర్లో నాలుగు రోజుల్లో వచ్చేసింది. కేబులూ కనెక్టర్లూ అంతే. కానీ యాంటెనాని డాబా మీది పైపుకి పట్టి ఉంచే అరకిలో ఇనుము కోసం మాత్రం ఉయ్యూరు నుంచి బెజవాడకీ బందరుకీ మూడు నెలలు తిరిగాను!

హామ్ రేడియో గురించి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తీసుకుంటే, సెల్ టవరూ ఇంటర్నెట్టూ అక్కర్లేకుండా రేడియోలో మాట్లాడుకోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్లో ఉన్న మా బాబాయి వాళ్ళ ఫోన్లు రెండ్రోజులు మూగబోయాయి. అప్పటినుంచీ పట్టుకుంది నాకీ పిచ్చి. "మీ బాబాయి దగ్గర రేడియో లేదు కదరా" అన్నారు నాన్న. నిజమే. కానీ బెజవాడలో లైసెన్సున్నవాళ్ళెవరైనా వింటే మనిషిని పంపి కనుక్కోవచ్చు కదా అన్నాను. నాన్న ఇంకేమీ అనలేదు. 1977 నవంబరు 19 రాత్రి ఆయన ఈ ఊళ్ళోనే ఉన్నారు. దివిసీమలో ఏం జరిగిందో ఇక్కడికి తెలియడానికి ఎన్నాళ్ళు పట్టిందో ఆయనకి బాగా గుర్తు.

ఆయన ఒప్పుకున్నా పక్కింటి మామ్మగారు ఒప్పుకోలేదు. "తుఫానొస్తే ఆ గొట్టం మా పెంకుల మీద పడితేనో?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు రేడియోలో లేదు, బోల్టుల్లో ఉంది.

సరే, మొదట ఆన్‌లైన్లో ఒకటిన్నర అంగుళం యూ బోల్టులు తెప్పించా. పైపు ఒకటిన్నర అంగుళందే. అయినా పట్టలేదు! జీఐ పైపుకి చెప్పే అంగుళాలు బయటి కొలత కాదట. ఒకటిన్నర పైపు బయట 48.3 మిల్లీమీటర్లు ఉంటుంది. బోల్టేమో 38 కి చేసింది. వేరియబుల్ పేరు ఒకటి, దాన్లో ఉన్న విలువ ఇంకొకటి... మా ఆఫీసులో రోజూ చూసేదే :)

తర్వాత బెజవాడ ఆటోనగర్ వెళ్ళాను. అక్కడ దొరకని ఇనుము ఉండదని మా నమ్మకం. ఏ కొట్లో అడిగినా ఒకటే మాట, "ఏ బండికి సార్?" బండికి కాదండీ, యాంటెనాకి అంటే "డిష్షా?" అని పక్క కొట్టు చూపిస్తారు. పాపం వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళ డేటాబేసులో ప్రైమరీ కీ బండి పేరు. అది చెప్పకపోతే ఏ వరసలో వెతకాలి? లారీ కమాన్ కట్టలకి వేసే యూ బోల్టులు చూపించారు, ఏనుగుని కట్టేయొచ్చు. సైలెన్సర్ క్లాంపు సరిగ్గా పట్టేట్టుంది గానీ పూత పల్చన, ఈ ఉప్పుగాలికి రెండు వర్షాకాలాలు ఆగదు.

చివరికి ఒక లేతు మేస్త్రి దొరికారు. ఆయన బండి పేరు అడగలేదు. "ఏం మొయ్యాలి, ఎటు తిరక్కూడదు?" అని అడిగారు. రెండో ప్రశ్న విని ప్రాణం లేచొచ్చింది. యాగీ యాంటెనా ఒక వైపుకే చూస్తుంది. మా డాబా మీంచి బెజవాడ వాయవ్యాన ఉంది. గాలికి అది కాస్త పక్కకి తిరిగిందంటే అవతలి మనిషి గొంతు సన్నగిల్లిపోతుంది. గుండ్రటి పైపుకి చదును పలక ఒక్క గీత మీదే ఆనుతుంది కాబట్టి ఎంత బిగించినా జారుతుంది. మేస్త్రి ఎల్ యాంగ్లరు ముక్కలు రెండు కోసి, లోపలి మూల పైపు వైపుకి తిప్పి పెట్టారు. ఇప్పుడు రెండు గీతల మీద ఆనింది, వెనక నుంచి యూ బోల్టు లాగి పట్టుకుంది. ఎనిమిది మిల్లీమీటర్ల స్టీలు కడ్డీకి మరలు కోసి, నేను తీసుకెళ్ళిన పైపు ముక్క మీదే వంచారు. "స్టీలు నట్టు పొడిగా బిగిస్తే అతుక్కుపోద్ది, గ్రీజు రాయండి. నట్టు మీద నట్టు వెయ్యండి" అన్నారు. ఆన్‌లైన్లో పోసిన డబ్బుల్లో సగం కూడా తీసుకోలేదు.

స్టే వైరుకి కావలసిన క్లిప్పులు బందరు గిలకలదిండిలో పడవ సామాను అమ్మేచోట దొరికాయి. వాళ్ళూ "ఏ బోటుకి?" అన్నారనుకోండి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. నాకు నిద్ర లేదు. రేడియో గురించి కాదు, మామ్మగారి పెంకుల గురించి. తెల్లారి డాబా ఎక్కితే ఒక స్టే వైరు వదులైంది. యాగీ మాత్రం వాయవ్యానికే చూస్తోంది. మామ్మగారు కింద నుంచి తలెత్తి చాలాసేపు చూశారు.

"అది నిలబడింది సరే అబ్బాయ్, కరెంటెప్పుడొస్తుందో దాంట్లో అడుగు" అన్నారు.