ఏ పొద్దున్న?

మూడు నెలల సుగరు సగటు 6.2 వచ్చిందని చూసి, "రోజూ పొద్దున్నే అరగంట నడవండి" అన్నారు డాక్టరుగారు. మంచి సలహా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నిమిషాల లెక్క కూడా దాంతో తీరిపోతుంది.

కాకపోతే ఉక్కునగరంలో పొద్దున్న అనే మాటకి అర్థం షిఫ్టుని బట్టి మారుతుంది. ఎ షిఫ్టులో అది డ్యూటీ ఎక్కే వేళ, సి షిఫ్టులో దిగే వేళ. బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బళ్లు ఆపి నడిచేవాళ్లకి దారి వదులుతారు గానీ, ఆ భోగం పగటి ఉద్యోగాల వాళ్లది.

"నడవాలి" అని గట్టిగా అనుకుంటే చాలదనీ, ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే ముడివేసుకోవాలనీ మనస్తత్వ శాస్త్రజ్ఞులంటారు. పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన వ్యాసం సారం ఇదే: ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను. ఆ ముడి గడియారానికే వెయ్యక్కర్లేదు, రోజూ తప్పక జరిగే ఏ పనికైనా వెయ్యొచ్చు.

సింహాచలం గిరి ప్రదక్షిణే చూడండి. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు లక్షలమంది 32 కిలోమీటర్లు నడుస్తారు. అందరూ రోజూ నడిచేవాళ్లేం కాదు. కానీ తిథి తెలుసు. అడవివరం, హనుమంతవాక, మాధవధార మీదుగా దారి తెలుసు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొడితే నడక మొదలైనట్టే. పక్కన చుట్టాలు, దారి పొడుగునా మజ్జిగ ఇచ్చేవాళ్లు. మొక్కుని మోయడానికి ఇన్ని ఏర్పాట్లు! అయితే అది ఏడాదికొక్కరోజు. సుగరుకి రోజూ కావాలి.

మా ఇంటి తొలిపావంచా స్కూటరు స్టాండు. ఏ షిఫ్టు నుంచి వచ్చినా స్టాండు వేశానంటే ముందు నడక, తరవాతే ఇల్లు. బూట్లు మెట్ల దగ్గరే ఉంటాయి. షరతు మా ఆవిడది. "లోపలికొచ్చి టీ తాగేరంటే ఇంక లేవరండి. నడిచొచ్చాకే టీ." సి షిఫ్టు దిగిన రోజు కళ్లు మూతలు పడుతుంటాయి. అప్పుడు వీధి చివర వేపచెట్టు దాకా వెళ్లి వచ్చేస్తాను. పది నిమిషాలే, కానీ ముడి తెగదు.

ఆఫ్ రోజున మాత్రం స్కూటరు కదలదు, నేనూ కదలను. అందుకని ఆ రోజు కూరలకి సంచి పట్టుకుని ఇద్దరం నడిచే వెళ్తున్నాం. ఇంకో ఆరేళ్లలో రిటైరవుతాను. స్టాండుకి వేసిన ముడి ఆ రోజుతో ఊడిపోతుంది. సంచికి వేసినది అప్పటికి గట్టిపడి ఉండాలి.