"ఈ మోడల్‌లో ఇది మామూలే"

బండిని సర్వీసుకు ఇచ్చినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు వినే మాట ఇది: "ఈ మోడల్‌లో ఇది మామూలే సార్, కంగారు పడకండి." చాలామంది ఆ మాటతో కుదుటపడతారు. నాకు మాత్రం ఇప్పుడు అసలు కంగారు అక్కడే మొదలవుతుంది. ఒక్క బండికి వస్తే అది రిపేరు. ఆ మోడల్ బండ్లన్నిటికీ వస్తుంటే తయారీలోనే లోపం ఉందన్నమాట. అది ప్రభుత్వం దాకా వెళ్లాలి.

ఈ తేడా నాకు తెలిసింది అమెరికాలో జనరల్ మోటార్స్ ఉదంతం చదివాక. షెవర్లే కోబాల్ట్ వంటి కార్లలో ఇగ్నిషన్ స్విచ్ వదులుగా ఉండేది. తాళాలగుత్తి బరువుకో, మోకాలు తగిలో తాళం వెనక్కి జారేది. పరుగెత్తే కారులో ఇంజిన్ ఆగిపోయి, స్టీరింగ్ బరువెక్కేది. అప్పుడు దేన్నైనా గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. కంపెనీలో ఏళ్ల తరబడి దాన్ని కొన్నవాళ్లకు కలిగే చిన్న అసౌకర్యంగానే చూశారు, ప్రాణాపాయంగా చూడలేదు. 2014లో సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. ఆ లోపం వల్ల పోయిన 124 ప్రాణాలకు తర్వాత పరిహారం ఇచ్చారు.

అక్కడి రహదారి భద్రతా సంస్థకు ఫిర్యాదులు అందకపోలేదు. ఇంజిన్ ఆగడానికీ ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవడానికీ ఉన్న లంకెను ఆ సంస్థా పట్టుకోలేకపోయింది. చివరికి గుట్టు విప్పింది ఒక చిన్న విడిభాగం. ప్రమాదంలో చనిపోయిన యువతి కుటుంబం తరఫు లాయరు ఒక ఇంజినీరును పెట్టుకున్నారు. ఆయన కొత్త స్విచ్ కొని, ప్రమాదానికి గురైన కారులోని స్విచ్ పక్కన పెట్టి చూశాడు. కొత్తదాని లోపలి స్ప్రింగు పొడవు పెరిగింది. విడిభాగం నంబరు మాత్రం మారలేదు! అంటే లోపాన్ని గుట్టుగా సరిచేశారన్నమాట.

మన దగ్గర 2021 ఏప్రిల్ 1 నుంచి రీకాల్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఏడేళ్లు దాటని బండ్లకు ఇవి వర్తిస్తాయి. ప్రభుత్వం రీకాల్‌కు ఆదేశించాలంటే, ఏటా అమ్ముడయ్యే బండ్లను బట్టి ఇన్ని ఫిర్యాదులు రావాలని ఒక లెక్క ఉంది. అంటే మనం రాయని ఫిర్యాదు ఆ లెక్కలో చేరదు, ఎంతమంది దగ్గర వాపోయినా సరే.

మా బావగారి కారు ఫ్లైఓవర్ మీద ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు సర్వీసు సెంటర్‌లో జాబ్ కార్డు మీద "జనరల్ చెకప్" అని రాశారు. ఆయన ఒప్పుకోలేదు. "నడుస్తుండగా ఇంజిన్ ఆగింది, వేగం దాదాపు అరవై" అని పట్టుబట్టి రాయించారు. మార్చిన పాత పార్టు కూడా అడిగి తెచ్చుకున్నారు. ఇంటికొచ్చి ఛాసిస్ నంబరు, తేదీ, అప్పటికి తిరిగిన కిలోమీటర్లు, వెలిగిన హెచ్చరిక దీపం, అన్నీ రాసి ప్రభుత్వానికి ఫిర్యాదు పంపారు. అందులో కోపంగా ఒక్క మాట లేదు. పరిహారమూ అడగలేదు.

షోరూముల్లో బండి అప్పగించేటప్పుడు పూలదండ వేస్తారు, స్వీటు పెడతారు, ఫొటో తీస్తారు. లోపం కనబడితే ప్రభుత్వానికి ఎక్కడ, ఎలా చెప్పాలో కూడా అప్పుడే చెప్పాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లకు ఆ మాత్రం చెప్పేవాళ్లూ ఉండరు కాబట్టి, ఆ వివరం ఆర్సీతోపాటే అందాలి.