క్షయకరణి

శాస్త్రపదాలను కంఠస్థం చేసే విద్యార్థులు అనేకులు. వాటి అంతరార్థాన్ని విచారించేవారు కొందరే. ‘క్షయకరణి’ అనే రసాయనశాస్త్ర పదం ఇందుకు చక్కని ఉదాహరణ. పరీక్షలో దాని నిర్వచనాన్ని తప్పు లేకుండా రాసిన విద్యార్థి సైతం, ఆ మాట ఎందుకు ఏర్పడిందని అడిగితే తడబడతాడు.

‘క్షయ’ అనగానే తెలుగువారికి మొదట స్ఫురించేది దేహాన్ని కృశింపజేసే వ్యాధి. పంచాంగం చూసేవారికి తిథిక్షయం గుర్తుకు వస్తుంది. తరగనిది అక్షయం. ఇన్నింటిలోనూ ఉన్న భావం ఒక్కటే, తగ్గుదల. ఇక ‘కరణి’ అంటే చేసేది. ఈ రూపం మన సాహిత్యానికి కొత్త కాదు. రామాయణ యుద్ధకాండలో హనుమంతుడు తెచ్చిన ఓషధులలో విశల్యకరణి ఒకటి. శరీరంలో నాటుకొన్న శల్యాన్ని, అంటే బాణపు ములికిని తొలగించేది కనుక దానికి ఆ పేరు. క్షయకరణి కూడా అటువంటిదే. లోహంలో నాటుకొన్న ఆక్సిజన్‌ను అది పెరికివేస్తుంది.

ఇందులో క్షయించేదేమిటి? త్రాసులో తూచి చూస్తే తెలుస్తుంది. శుద్ధమైన ఫెర్రిక్ ఆక్సైడు 160 కిలోలు ఉంటే, అందులో ఇనుము 112 కిలోలు, ఆక్సిజన్ 48 కిలోలు. ఆక్సిజన్‌ను తొలగించగా మిగిలే లోహం బరువు తగ్గుతుంది. ఆ తగ్గుదలే క్షయకరణం. ఆంగ్లంలోని ‘రిడక్షన్’ అనే మాటకు మూలమైన లాటిన్ పదానికి ‘వెనుకకు తీసికొని వచ్చుట’ అని అర్థం. మట్టిలా కనిపించే ఖనిజాన్ని మళ్ళీ లోహస్థితికి తేవడమని వారి భావన. ఒకే క్రియలో వారు తిరిగిరాకను చూడగా, తెలుగు పదం తరుగుదలను చూపింది.

పేరు తెలియకముందే పని సాగింది. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు మేలైన ఉక్కుకు ప్రసిద్ధి. అక్కడి ఉక్కు పర్షియా దేశం దాకా వెళ్ళింది. నాటి కమ్మరులు కొలిమిలో ఖనిజాన్ని, కట్టెబొగ్గును చేర్చి తిత్తులతో గాలి ఊదేవారు. బొగ్గు నుండి పుట్టిన కార్బన్ మోనాక్సైడు ఖనిజంలోని ఆక్సిజన్‌ను గ్రహించి, తాను కార్బన్ డయాక్సైడుగా మారేది. నేడు విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలోని మహాకొలిమిలో కోక్ చేసే పనికి మూలసూత్రం ఇదే. కరిగిన ఉక్కులో ఇంకా మిగిలిన ఆక్సిజన్ పోత గట్టిపడేటప్పుడు కార్బన్‌తో కలిసి బుడగలు పుట్టిస్తుంది. అందుకే అల్యూమినియం, ఫెర్రోసిలికాన్ వంటివి వేసి దానిని తొలగిస్తారు. రైలు పట్టాలను అతికేటప్పుడు అల్యూమినియం పొడి ఐరన్ ఆక్సైడు నుండి ఆక్సిజన్‌ను లాగివేసి, కరిగిన ఇనుమును అందిస్తుంది. తినుబండారాల డబ్బాలలో కనిపించే చిన్న పొట్లాలు కొన్నింటిలో ఇనుప పొడి ఉంటుంది. అది డబ్బాలోని ఆక్సిజన్‌ను గ్రహించి, ఆహారం చెడిపోకుండా కాపాడి, తాను తుప్పు పడుతుంది.

ఇక్కడే విద్యార్థులు పొరబడే అవకాశం ఉంది. క్షయకరణి తాను క్షయకరణం చెందదు, ఆక్సీకరణం చెందుతుంది. దాని పేరు ఎదుటిదానికి అది చేసే పనిని బట్టి వచ్చింది. వైద్యుడు వ్యాధిగ్రస్తుడు కానట్లే ఇదీను. పైగా ఈ పేరు శాశ్వతమైనది కాదు. ఒకే వ్యక్తి ఒకరికి తండ్రి, మరొకరికి కుమారుడు అయినట్లు, హైడ్రోజన్ పెరాక్సైడు చాలా చర్యలలో ఆక్సీకరణి. ఆమ్ల ద్రావణంలో పొటాషియం పర్మాంగనేటు ఎదుట మాత్రం అదే క్షయకరణి.

శాస్త్రం ముందుకు సాగినప్పుడు పదాలకు పరీక్ష ఎదురవుతుంది. 18వ శతాబ్దంలో లావోయిజర్ ఆమ్లాలన్నింటికీ మూలమని భావించి ఒక వాయువుకు ‘ఆక్సిజన్’ అని పేరు పెట్టాడు. తెలుగులో ‘ఆమ్లజని’ ఆ అర్థంతోనే ఏర్పడింది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని తరువాత తేలింది. భావన పొరపాటని తెలిసినా పేరు నిలిచింది. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్న పిమ్మట క్షయకరణి నిర్వచనమూ విస్తరించింది. ఎలక్ట్రాన్‌ను ఇచ్చేదే క్షయకరణి అన్నారు. క్లోరిన్‌లో సోడియం మండినప్పుడు అక్కడ ఆక్సిజన్ లేదు, అయినా సోడియం క్షయకరణియే. ఇచ్చేదాన్ని తగ్గించేది అనడం వింతగా తోచవచ్చు. కాని ఎలక్ట్రాన్ ఋణావేశం గలది. దానిని గ్రహించిన పరమాణువు ఆక్సీకరణ సంఖ్య తగ్గుతుంది. బరువులో తగ్గుదలను సూచించిన మాట సంఖ్యలో తగ్గుదలకూ సరిపోయింది. ఆమ్లజనికి లేని అదృష్టం క్షయకరణికి దక్కింది.

పారిభాషిక పదం కేవలం గుర్తు కాదు, ఆలోచనకు ద్వారం. ద్వారం తెరిచి చూసినవానికి నిర్వచనం తనంత తానుగా బోధపడుతుంది. తెరవనివానికి అది పరీక్ష ముగిసిన మరునాడే మరపున పడుతుంది. మాతృభాషలో శాస్త్రం చదవడం వల్ల కలిగే ప్రయోజనం, ఆ తలుపు తాళంచెవి విద్యార్థి చేతిలోనే ఉండటం. దానిని తిప్పవలసినవాడు మాత్రం అతడే.