తోక తిరిగిన ‘ళ’

1989 ఏప్రిల్. పెళ్ళిళ్ళ రోజులు. మా బజారులో టైలరు బాబాయి కొట్లో రాత్రి పదిన్నర దాటినా లైటు ఆరేది కాదు. నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసేసి, ఇంట్లో ఖాళీగా కనిపిస్తే నాన్న ఏదో ఒక పని పురమాయిస్తాడని, అక్కడ చేరి జాకెట్లకి హుక్కులు కుట్టేవాణ్ణి. కాజాలు నాకు ఇచ్చేవాడు కాదు. “కాజా కుట్టాలంటే మీసం రావాలిరా” అనేవాడు.

గోడకి మేకులు దిగ్గొట్టి బిగించిన చెక్క మీద ఫిలిప్స్ రేడియో ఉండేది. ఎవరో కుట్టించుకుని పట్టుకెళ్ళని పూల జాకెట్టు విప్పి, ఆ గుడ్డతోనే దానికో గౌను కుట్టాడు బాబాయి. రాత్రి తొమ్మిదిన్నరకి పాత పాటలు. అరగంటలో ఆరో ఏడో వచ్చేవి. పల్లవి మొదలవగానే బాబాయి కాలు తొక్కుడు పట్టీ మీద తాళానికి పడేది. చరణానికి వచ్చేసరికి మిషను ఆపేసేవాడు. ఆగితే పాట నచ్చినట్టు. ఆగకపోతే, జాకెట్టు ఆ రాత్రే అయిపోయినట్టు.

స్టేషను పేరు చెప్పను. ఊరు చెబితే పేరు చెప్పినట్టే కనక ఊరూ చెప్పను.

ఆ నెలలోనే ఎ.ఎం. రాజా రైలు ప్రమాదంలో పోయారని పేపర్లో వచ్చింది. ‘మిస్సమ్మ’లో రామారావుకీ, ‘విప్రనారాయణ’లో నాగేశ్వరరావుకీ గొంతిచ్చిన మనిషి. ‘పెళ్ళికానుక’కి సంగీతం కట్టిన మనిషి. ఆ రాత్రి అరగంటా ఆయనవే వేస్తారని కొట్లో జనం మామూలుకంటే ముందే చేరారు. రిటైరైన తెలుగు మాస్టారు బల్ల మీద కూర్చున్నారు. బ్యాంకులో గుమాస్తాగా చేసే ఆయన స్కూటరు స్టాండు వేసి దానిమీదే కూర్చున్నాడు. ఎదురు టీకొట్టు పిన్ని అరుగు మీదకి వచ్చి గ్లాసులు కడుక్కుంటోంది.

రాజా పాటలు రెండు వేశారు. మూడోది ‘సిరిసిరిమువ్వ’లోది. నాలుగోదీ అటువంటిదే, డెబ్బైల నాటిది. బాబాయి మిషను ఆగింది. నచ్చి కాదు.

“మనిషి పోతే అరగంట ఇవ్వలేకపోయారా! పైగా పాత పాటలని పేరుపెట్టి కొత్తవి వేస్తారా?”

ఆ రోజుకి ‘సిరిసిరిమువ్వ’ వచ్చి పదమూడేళ్ళు. నాకు పద్నాలుగు. నా వయసున్న పాట బాబాయికి కొత్తదని నాకు అప్పుడే తెలిసింది.

నిజానికి నెలా రెండు నెలలుగా ఆ కార్యక్రమం కొంచెం కొంచెంగా జారుతూనే ఉంది. వారానికొక బాలు పాట, తర్వాత రెండు, తర్వాత రోజుకొకటి. రాజా పోయిన రాత్రి అది బయటపడింది, అంతే. ఇక అక్కణ్ణించి రోజూ గొడవే. పది గంటలకి పాటలు అయిపోతే, పదిన్నర దాకా వాదన.

బాబాయిది ఒకటే లెక్క. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు. దానికి ముందువి పాతవి, తర్వాతవి కొత్తవి. పంచాంగంలో సంక్రమణం ఎంత ఖచ్చితమో ఇదీ అంతే.

మాస్టారికి అదీ ఒప్పుకోబుద్ధి కాదు. ఆయన పాత ఇంకా వెనక్కి పోతుంది. 1951లో ‘మల్లీశ్వరి’కి కృష్ణశాస్త్రి పాటలు రాస్తే, రాజేశ్వరరావు వాటికి వరసలు కడితే, అదీ పాటంటే. అరవై దాటాక వచ్చినవన్నీ ఆయన దృష్టిలో తిరగమోత. ఆ మాట అనేసి, యాభైల్లో మన రేడియోలో సినిమా పాటలు తగ్గించేసినప్పుడు సిలోన్ కోసం ముల్లు తిప్పుకుంటూ కూర్చున్న రోజుల్లోకి వెళ్ళిపోయేవారు. 1952లో కేస్కర్ మంత్రిగా వచ్చి శాస్త్రీయ సంగీతమే సంగీతమన్నాడట. జనం సముద్రం అవతలి స్టేషనుకి తిరిగారట. అక్కణ్ణించి మీనాక్షి పొన్నుదొరై తెలుగు పాటలు వినిపిస్తుంటే, ఆవిడ పలికే తెలుగు కోసమే సగం మంది కూర్చునేవారట. 1957 అక్టోబరులో వివిధభారతి పుట్టిందంటే ఊరికే పుట్టలేదు, జనం పొరుగింటికి పోతున్నారని పుట్టింది అని ముగించేవారు. ఈ ముగింపు మేం వారానికి రెండుసార్లు వినేవాళ్ళం.

బ్యాంకాయన వయసు ముప్ఫై అయిదు ఉంటుందేమో. బాలు పిచ్చి. గొంతు పెంచకుండా వాదించేవాడు. అందుకే బాబాయికి ఆయనంటే ఎక్కువ ఒళ్ళుమంట.

“ఘంటసాల పోయినరోజే గీత అంటున్నారు. బాలు మొదటి సినిమా ‘మర్యాదరామన్న’ ఎప్పుడొచ్చిందండీ? 1967. ఏడేళ్ళు ఇద్దరూ ఒకే కాలంలో పాడారు. 1969లో ‘ఏకవీర’లో అయితే ఒకే పాట ఇద్దరూ కలిసి పాడారు. ఆ పాటని మీ గీతకి ఏ వైపు పెడతారు?”

బాబాయి నోట్లో ఉన్న గుండుసూదులు తీసి డబ్బాలో వేశాడు. చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ఓడిపోయాడనే అనుకున్నాను.

“ఆ పాట ఈసారి వేసినప్పుడు జాగర్తగా వినండి. చిన్నవాడు పెద్దాయన పక్కన ఎంత ఒదిగి పాడాడో. ఆ ఒదుగున్నంత కాలం పాతే.”

ఇప్పటికీ దీనికి ఎదురు మాట నాకు తట్టలేదు. ఇది వాదనేనా అంటే కాదనుకోండి.

బ్యాంకాయన మాత్రం వదల్లేదు. “క్యాసెట్ కొట్లో లిస్టిస్తే మీకు కావలసిన పాటలన్నీ తొంభై నిమిషాల క్యాసెట్‌లో ఎక్కించి ఇస్తాడు. రాజావే ఎక్కించుకోండి. రేడియో మీద పడటం ఎందుకు?” అన్నాడు. అప్పటికి ప్రతి బజార్లోనూ ఆ కొట్లు వెలిశాయి. ఆ ఏడే ‘గీతాంజలి’ పాటలు వాటిల్లోంచే ఊరంతా మోగాయి. బాబాయి తల అడ్డంగా ఊపాడు. “లిస్టు నేనే రాసిచ్చాక ఇంక వినేదేముంది? తర్వాత ఏదొస్తుందో తెలీకూడదు. అక్కడెవడో కూర్చుని, ఈ రాత్రి వీళ్ళకి ఇది వినిపిద్దాం అనుకోవాలి.”

పిన్నిని ఎవరూ ఏమీ అడగలేదు. ఒకసారి తనంతట తనే, “ఏ పాటైనా జిక్కి పాడితే బావుండు” అంది. మాస్టారు జిక్కి గురించి చెప్పడం మొదలెట్టారు. పిన్ని గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చివరికి స్టేషనుకి రాయాలని తీర్మానమైంది. ఒక్క ఉత్తరానికి ఎవడు జడుస్తాడు, నలభై కార్డులు పడాలి అన్నారు మాస్టారు. అప్పుడు కార్డు 15 పైసలు. ఆరు రూపాయలు బాబాయే పెట్టాడు. రాయడానికి తీరికున్నవాణ్ణి నేను. పేర్లు కావాలి కదా అంటే బాబాయి కొలతల పుస్తకం నా ముందు పడేశాడు. చాతీ 38, నడుము 34, పక్కన పేరు. ఆ పేర్లు వరసగా ఎక్కించుకుంటూ పోయాను. మాస్టారు చెప్పిన వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి నలభై రకాలుగా రాశాను. నా మటుకు నేను గొప్ప పనే చేశాననుకున్నాను.

మూడువారాల తర్వాత ఉత్తరాల కార్యక్రమంలో మా ఊరి పేరు వచ్చింది. కొట్లో అందరం ఊపిరి బిగబట్టాం. అనౌన్సరు నాలుగు పేర్లు చదివి, నవ్వు ఆపుకుంటున్నట్టు గొంతు సవరించుకున్నాడు. “ఆ ఊరి శ్రోతలు నలభై మంది రాశారు. నలభై కార్డుల్లోనూ ‘మళ్ళీ’ అన్న మాట ఉంది. నలభైలోనూ ‘ళ’ తోక ఒకే రకంగా పైకి తిరిగి ఉంది. ఊరంతటికీ ఒకే పంతులుగారు చదువు చెప్పారనుకుంటాను.”

అందరూ నా వైపు చూశారు. నేను హుక్కు వేలికి గుచ్చుకున్నాను.

అది అక్కడితో పోలేదు. మర్నాడు పొద్దున్నే ఒకావిడ కొట్టు మెట్ల దగ్గర నిలబడింది. రైసుమిల్లు గుమాస్తాగారి భార్య. రేడియోలో చదివిన నాలుగు పేర్లలో ఒకటి ఆయనది. ఆయన పోయి అప్పటికి ఏడాది. కొలతల పుస్తకంలో పేరు మాత్రం అలాగే ఉంది. చాతీ, నడుము కొలతలతో సహా.

“ఆయన ఉత్తరం చదివారట. ఎప్పుడు రాశారో తెలుసా అన్నయ్యగారూ?”

బాబాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన ఎవరి కోసమైనా లేవడం నేను చూడటం అదే మొదలు. అబద్ధం చెబుతాడేమో అనుకున్నాను. చెప్పలేదు. పుస్తకం తెరిచి చూపించాడు, నన్నూ చూపించాడు. ఆవిడ ఆ పేజీ వంక కాసేపు చూసింది.

“ఏ పాట అడిగారు ఆయన పేరుతో?”

“‘విప్రనారాయణ’లోదండీ” అన్నాను. గొంతు సరిగ్గా రాలేదు.

ఆవిడ నవ్వింది. “ఆయనకి పాటలంటే గిట్టవు బాబూ. నేను రేడియో పెడితే వచ్చి కట్టేసేవారు.” మెట్టు దిగబోయి ఆగింది. “రాస్తే నా పేరుతో రాయి. ‘మూగమనసులు’.”

ఆ నలభై ఒకటో కార్డు నేను రాయలేదు. కలం ఆవిడ చేతికే ఇచ్చాడు బాబాయి. బల్ల మీద జాకెట్టు ముక్కలు పక్కకి జరిపి, నిలబడే, ఒక్కో అక్షరం కూర్చి రాసుకుంది. అది రేడియోలో వచ్చిందో లేదో నాకు గుర్తులేదు. వచ్చే ఉంటుందని అనుకోవడం నాకిష్టం.

దసరా సెలవుల్లో స్టేషను చూడటానికి వెళ్ళాం, బాబాయి, మాస్టారు, నేను. కార్డుల సంగతి చెప్పగానే లోపలున్నాయన “ఆ ‘ళ’ ఎవరిది?” అని అడిగి నాతో కరచాలనం చేశాడు. రికార్డుల గదిలోకి తీసుకెళ్ళాడు. గోధుమరంగు కాగితం సంచుల్లో నిలువుగా పేర్చిన 78 రికార్డులు. లక్కతో చేసినవి, జారిపడితే పెంకులే. ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలు. పాట పెద్దదైతే రికార్డు తిరగేయాలి. ఒకటి తీసి ముల్లు పెట్టాడు. ముందు ఇసుకలో నడుస్తున్నట్టు గరగర, దాని వెనక భానుమతి. పాట మధ్యలో టిక్ టిక్‌మని ఒకేచోట కొట్టుకుంది. ఆయన వేలితో ముల్లుని మెత్తగా ముందుకి నెట్టాడు.

“రాజావి మా దగ్గర ఇంకా ఉన్నాయండీ. వేయదగ్గవి నాలుగు. అందులో రెండు ఆయన పోయిన వారమే వేసేశాం. మిగతావాటికి బీట. ముల్లు దాటదు. ఇంకో కాపీ కోసం రాశాం, దొరకలేదు.” తర్వాత టేబులు మీది కార్డుల కట్ట చూపించాడు. “ఇవి ఈ వారంవి. ఎక్కువ భాగం కాలేజీ పిల్లలవి. వాళ్ళు అడిగేది బాలునీ, ఏసుదాసునీ. మీ వయసువాళ్ళు వింటారు, రాయరు. రాస్తే ఇదిగో, ఒకడి చేత్తో రాయిస్తారు.”

బాబాయి ఏమీ అనలేదు. ఆ రికార్డు సంచి అంచు చిరిగి ఉంటే, “దీనికి గుడ్డ తొడుగు కుట్టిపెడతాను, కొలత ఇవ్వండి” అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. బాబాయి మాత్రం అప్పటికే జేబులోంచి టేపు తీశాడు.

తిరుగు బస్సులో మాస్టారు ఒక్కమాటే అన్నారు. “మనం ఓడిపోయింది బాలుకి కాదోయ్, బీటకి.”

ఆ తర్వాత సంగతులు మామూలే. నేను డిగ్రీకి పోయాను, తర్వాత ఉద్యోగానికి హైదరాబాదు. మాస్టారు పోయారు. బ్యాంకాయనకి బదిలీ. ఎఫ్.ఎం.లు వచ్చాయి. ఒకరోజు వంటింట్లో రేడియో పెట్టుకుని ఉల్లిపాయలు తరుగుతుంటే, పాత బంగారమంటూ ఒక పిల్ల హడావిడిగా చెప్పి ‘ఖుషి’లో పాట వేసింది. 2001 సినిమా! “ఇదేం పాత!” అని గట్టిగానే అన్నట్టున్నాను. మా అమ్మాయి హోంవర్కులోంచి తలెత్తి, “నేను పుట్టకముందుది నాన్నా” అంది. నేను కత్తి ఆపేశాను. బాలు పాటకి బాబాయి మిషను ఆగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

ఆమధ్య ఒక సంక్రాంతికి ఊరెళ్తూ బాబాయికి సరిగమ కారవాన్ ఒకటి కొన్నాను. వేల పాటలు అందులోనే ఉంటాయి. ఆయనకి ఎనభై దగ్గర పడింది. కొట్టు మూసేశారు. మిషను మాత్రం ఇంట్లో కిటికీ పక్కనే ఉంది, మీద పాత దుప్పటి కప్పి. పెట్టె ఆయన ఒళ్ళో పెట్టి, బొత్తాం తిప్పి, రాజాని వెతికి చూపించాను. మొదటి పాటకి కళ్ళు మూసుకున్నాడు. రెండోదానికి వేళ్ళు మంచం కోడు మీద ఆడాయి. మూడు, నాలుగు, అయిదు. రాజా తర్వాత రాజా. గరగర లేదు, బీట లేదు.

“ఎవర్రా వేస్తున్నది?” అన్నాడు.

“ఎవరూ లేరు బాబాయ్. అన్నీ ఇందులోనే ఉన్నాయి.”

ఆయన ఆ మాట పట్టించుకున్నట్టు లేదు. ఆరోది కూడా రాజాదే వచ్చేసరికి మొహం చిట్లించాడు.

“వీడికి బుద్ధి లేదు. మధ్యలో జిక్కిది ఒకటి వెయ్యాలని తెలీదూ? ఒక కార్డు రాసిపడెయ్. ఈసారి ‘ళ’ మార్చు.”