నీ తప్పు కాదక్కా

2022 అక్టోబర్ 25. దీపావళి మరుసటి రోజు సాయంత్రం సూర్యగ్రహణం. మా అక్కకు అప్పుడు ఏడో నెల. కలికిరిలో మా ఇంటి తలుపులన్నీ మూసేసి, అక్కను మంచం మీద నుంచి కదలనివ్వలేదు. సంక్రాంతికి ముందు మేనల్లుడు పుట్టాడు. పై పెదవి చీలి ఉంది. గ్రహణమొర్రి.

పేరులోనే తీర్పు ఉంది కదా! చూడ్డానికొచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట: "గ్రహణం పూట కత్తిపీట ముట్టుకునుంటుంది." అక్కేమో "నీళ్లు తాగడానికి ఒక్కసారి లేచాన్రా, అందుకేనేమో" అని ఒకటే ఏడుపు.

నాకొచ్చింది కోడింగే. సర్వర్ పడిపోతే మేం మొదట చూసేది లాగ్. తప్పు ఏ టైమ్‌లో జరిగింది? అందుకే పెదవి ఎప్పుడు తయారవుతుందో చదవడం మొదలుపెట్టాను.

కడుపులో మన ముఖం ఒకేసారి ఏర్పడదు. ముక్కు వైపు నుంచి కొన్ని, బుగ్గల వైపు నుంచి కొన్ని చిన్న చిన్న బుడిపెలు పెరుగుతూ వచ్చి ఒకదాన్నొకటి తాకుతాయి. తాకగానే సరిపోదు, అతుక్కోవాలి. ఆ పని కణాల పైన ఉండే అతుకు ప్రోటీన్లది. జపాన్ శాస్త్రవేత్త మసతోషి టాకెయిచి 1980లలో వాటిలో ఒక రకానికి క్యాడ్హెరిన్ అని పేరు పెట్టాడు. కాల్షియం లేకపోతే దాని పట్టు ఊడిపోతుంది. నెక్టిన్ అనేది ఇంకో రకం. అన్ని కణాల్లోనూ జన్యువులు అవే. ఏ కణంలో ఏ ప్రోటీన్ ఎప్పుడు ఆన్ అవ్వాలి, ఎప్పుడు ఆఫ్ అవ్వాలి అన్నదే అసలు సంగతి. వెనిజులాలోని మార్గరిటా దీవిలో కొన్ని కుటుంబాల్లో మొర్రి ఎక్కువ. అక్కడ నెక్టిన్-1 జన్యువులో లోపం ఉందని 2000లో తేలింది.

మొర్రి అన్నిసార్లూ ఇలాగే వస్తుందని కాదు. వేరే జన్యువులు, తొలి వారాల్లో వాడే కొన్ని మందులు, పొగతాగడం కూడా కారణం కావచ్చు. కానీ టైమ్ మాత్రం ఒకటే. గర్భం నిలిచిన ఏడో వారానికల్లా పై పెదవి అతుక్కోవడం పూర్తవుతుంది. గ్రహణం వచ్చింది ఏడో నెలలో!

మా పెరట్లో నాటుకోడిని పట్టుకుని నోరు తెరిచి అక్కకు చూపించాను. అంగిలి మధ్యలో చీలిక. కోళ్లన్నింటికీ అంతే. రెండు పక్కల నుంచి అంగిలి పెరుగుతుంది, దగ్గరికొస్తుంది, కానీ అతుక్కోదు. "దీనమ్మ గ్రహణంలో ఏం తరిగిందో అడుగుదామా?" అన్నాను. కాన్పు తర్వాత అక్క నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత మెల్లగా అడిగింది, "అయితే నేనేం చేయలేదు కదరా?"

"నీ తప్పు కాదక్కా. లాగ్‌లో నీ పేరే లేదు."

ప్రపంచంలో దాదాపు 700 మంది పిల్లల్లో ఒకరు మొర్రితో పుడతారు. పెదవి ఆపరేషన్ మామూలుగా మూడు నుంచి ఆరు నెలల మధ్య చేస్తారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో కూడా మొర్రి ఉంది. మీ ఊళ్లో అలాంటి బిడ్డ పుడితే తల్లిని గ్రహణం గురించి అడక్కండి. డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి.

మావాడికి ఐదో నెలలో ఆపరేషన్ అయింది. ఇప్పుడు నన్ను "మామా" అని పిలుస్తాడు. ఆ మాట పలకాలంటే రెండు పెదవులూ కలవాలి.