నాణెం మీది రంగుకు వెల ఎంత?

వెండి నల్లబడుతుందన్న సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. ఆ నలుపునకు ముందు దశలో వెండిపై అలముకొనే బంగారు, ఊదా, నీలి వన్నెల కోసం వేలు, లక్షలు వెచ్చించేవారు ఉన్నారన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. పాత నాణేలపై కొంతకాలంగా ఆసక్తి గల మమ్మల్ని బంధుమిత్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: ఆ రంగు అంత ధరకు తగినదేనా? తాతల నాటి నాణేలు నాలుగు దాచుకున్న ఏ కుటుంబంలోనైనా, ముఖ్యంగా ఆస్తి పంపకం వేళ, ఈ ప్రశ్న తలెత్తవచ్చు.

ఈ మోజు బాగా బలపడినది అమెరికాలో. అక్కడ 1878 నుండి 1904 వరకు, తిరిగి 1921లో ముద్రించిన వెండి డాలరును దాని రూపకర్త పేరిట మోర్గన్ డాలరు అంటారు. బరువు 26.73 గ్రాములు, అందులో 90 శాతం వెండి, తక్కినది రాగి. వెండిని తప్పక కొనాలన్న చట్టానికి కట్టుబడి ప్రభుత్వం వీటిని అవసరానికి మించి ముద్రించింది. కోట్లాది నాణేలు వేయేసి చొప్పున ముతక గుడ్డ సంచులలో ఖజానా గదులకు చేరి, దశాబ్దాల తరబడి అక్కడే పడి ఉన్నాయి. 1918 నాటి మరో చట్టం కింద 27 కోట్ల నాణేలను కరిగించివేశారు. మిగిలిన సంచులు 1960ల తొలి సంవత్సరాలలో పెద్ద సంఖ్యలో బయటకు వచ్చాయి. సంచి గుడ్డను ఆనుకొని ఉన్న కొన్ని నాణేలపై ఇంద్రధనుస్సు దిగివచ్చినట్లు రంగులు కనిపించాయి. పక్క నాణెం కప్పిన మేర తెల్లగా మిగిలి, నెలవంక వంటి హద్దు ఏర్పడింది. కొన్నింటిపై గుడ్డ నేత సైతం అచ్చు పడింది.

ఈ రంగులకు మూలం గంధకం. గాలిలో, గుడ్డలో, అట్టలో ఉండే గంధకపు సమ్మేళనాలు వెండితో కలిసి దానిపై సిల్వర్ సల్ఫైడ్ అనే పొరను ఏర్పరుస్తాయి. మొదట ఆ పొర ఎంతో పలుచన. పొర పైభాగం నుండి మరలివచ్చే వెలుగు, దాని అడుగున ఉన్న లోహం నుండి మరలివచ్చే వెలుగు కలిసినప్పుడు కొన్ని రంగులు అణగిపోతాయి, కొన్ని ప్రకాశిస్తాయి. సబ్బు బుడగపైన, వాన నీటిలో ఒలికిన నూనెపైన మనం చూసేది ఇదే. పొర మందమయ్యే కొద్దీ లేత పసుపు, ఎర్రని గోధుమ, ఊదా, నీలం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చివరకు మిగిలేది నలుపు. అనగా, మన స్త్రీలు చింతపండుతో తోమి వదలగొట్టే ఆ నలుపే, ఇంకా నలుపు కాకమునుపు, అక్కడ వేలంపాటకు ఎక్కుతున్నది!

శాన్ ఫ్రాన్సిస్కో టంకశాల 1881లో ముద్రించిన మోర్గన్ డాలర్లు 1.27 కోట్లకు పైనే. అవి అరుదైనవి కావు. తెల్లగా మెరిసేది సులభంగానే దొరుకుతుంది. అదే సంవత్సరపు, అదే నాణ్యత గల నాణెం రంగులు సంతరించుకుంటే దాని ధర రెండు మూడు రెట్లు మొదలు పదుల రెట్ల వరకు పలుకుతుంది. వెండిలో తేడా లేదు, సంఖ్యలో తేడా లేదు. తేడా అంతా ఆ పొరలోనే ఉంది.

సేకరణదారుల వాదనను మేము పూర్తిగా తోసిపుచ్చము. ఏ రెండు రంగుల నాణేలూ ఒక తీరున ఉండవన్నది నిజం. రసాయన ద్రావకంలో ముంచి తెల్లబరచిన నాణెం ప్రతిసారీ తన పై పొరను కొంత కోల్పోతుంది. సహజమైన రంగు ఉన్నదంటే, అది ఏర్పడిన నాటి నుండి ఆ నాణేన్ని ఎవరూ ముట్టి చెరపలేదని అర్థం. అందానికి వెల ఉండరాదని కూడా మేము అనము. ఖత్తాత్ చేతితో తీర్చిన ఫలకాన్ని కొనేటప్పుడు కాగితం, సిరా ఖరీదు మాత్రమే చెల్లిస్తామా? అయితే ఫలకం వెనుక ఒక మనిషి సాధన ఉంది. నాణెం మీది రంగు వెనుక ఉన్నది గుడ్డ సంచి, తేమ, కాలం.

చిక్కు ఇక్కడే ఉంది. కాలం చేసే పనిని మోసగాడు ఒక్క రోజులో చేయగలడు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉడికించిన కోడిగుడ్డు ముక్కలు వేసి పక్కన నాణెం పెడితే చాలు, రంగు మొదలవుతుంది. రసాయనికంగా రెండు పొరలూ ఒక్కటే కావడం వల్ల పరిశీలకుల మధ్య సైతం భేదాభిప్రాయాలు వస్తుంటాయి. 1986లో ప్రారంభమైన పీసీజీఎస్, 1987లో ప్రారంభమైన ఎన్జీసీ అనే రెండు పరీక్షా సంస్థలు అనుమానాస్పదమైన రంగు గల నాణేనికి మామూలు శ్రేణి సంఖ్య ఇవ్వవు. రంగులు తమ సహజ క్రమంలో ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయా, నాణేన్ని వెలుగులో తిప్పినప్పుడు ముద్రణ నాటి మెరుపు రంగు అడుగు నుండి చక్రంలా తిరుగుతున్నదా అని అనుభవజ్ఞులు చూస్తారు. రంగు పూత పూసినట్లు పైపైన నిలిస్తే శంకిస్తారు. ముదురు రంగు సన్నని గీతలను దాచగలదన్న సంగతినీ మరువరు.

ఈ మోజు ఇప్పుడు మన నిజాం నాణేల దాకా వచ్చింది. చార్మినార్ బొమ్మ, దాని ద్వారంలో 'ఐన్' అక్షరం గల ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు హాలీ సిక్కా రూపాయి తెలంగాణలో అనేక ముస్లిం కుటుంబాల పెట్టెలలో ఉంది. తొలి దశాబ్దాల రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. నల్గొండ జిల్లాలో మా ఫుప్పూ మరణానంతరం ఆమె అట్టపెట్టెలో ఇటువంటివి 21 దొరికాయి. అడుగున అట్టను ఆనుకొని ఉన్న ఒకదానిపై అంచున బంగారు వన్నె, నడుమ గాఢమైన నీలం. వారసులు ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. చిన్న కుమారుడు ఫోనులో అమెరికా ధరలు చూసి, దీనికి లక్ష వస్తుందన్నాడు. నగరంలో ఒక వ్యాపారికి చూపగా, రంగు పట్టిన నాణెం పాడైనట్లేనని వెండి ధర చెప్పాడు. ఆయన గాజు బల్లలోనే అటువంటి రంగు నాణెం ఒకటి 'అరుదైన వన్నె' అన్న చీటీతో ఉంది! మేము లేచేసరికి ధర రెట్టింపు చేశాడు.

ఇంటికి వచ్చాక ఆపా అన్నది: "నా వాటాలోని మూడు తెల్ల నాణేలు మీరు తీసుకోండి. అమ్మీ గుర్తుగా ఆ ఒక్కటి నాకివ్వండి." సోదరులు సరేనన్నారు. అక్కడే ఉన్న మౌలానా సాహెబు వారించారు. వెండికి వెండి మార్చుకునేటప్పుడు తూకం సమానంగా, చేతికి చేయిగా ఉండాలి. మేలిమికీ, అందానికీ అదనపు తూకం చెల్లదు. ఖైబర్ నుండి మేలైన ఖర్జూరాలు తెచ్చిన వ్యక్తి, రెండు కొలతల సాధారణ రకానికి ఒక కొలత తీసుకున్నానని చెప్పగా, ప్రవక్త (సఅసం) ఆ మార్పిడిని వారించి, ముందు సాధారణ రకాన్ని దిర్హములకు అమ్మి ఆ సొమ్ముతో మేలైనవి కొనమన్న సంగతిని ఆయన గుర్తుచేశారు. మేలైన ఖర్జూరానికి ఎక్కువ వెల ఉండడాన్ని ఆ ఆదేశం కాదనలేదు. ఆ వెలను సరుకు తూకంలో కలపక, విడిగా సొమ్ములో తేల్చమన్నది.

మా ప్రశ్నకు కూడా సమాధానం ఇందులోనే ఉన్నదని మాకు తోచింది. నాణెం కొనేవాడు వెండికి ఎంత, అరుదుతనానికి ఎంత, రంగుకు ఎంత అని మూడు లెక్కలు విడివిడిగా వేసుకోవాలి. మొదటిది తూకానిది, రెండవది చరిత్రది. మూడవది అతని సొంత కంటిది. ఆ మూడవ మొత్తం రేపు మరొకరి కంటికి ఆనకపోవచ్చు, పొర ముదిరి రంగే మారిపోవచ్చు. దానిని పొదుపు అనుకొని ఆడపిల్ల పెళ్ళికని దాచిన సొమ్ము పెట్టడం మాకు సమ్మతం కాదు. తిరిగి అమ్మే ఉద్దేశంతో కొన్నవారు దాని బజారు విలువపై జకాతు లెక్కించవలసి ఉంటుందన్నది కూడా పలువురు మరచిపోయే విషయం.

వారసులంతా యుక్తవయస్కులే కనుక పంపకం వారి సమ్మతితో ముగిసింది. తెల్ల నాణేలు 20. కుమారులకు ఎనిమిదేసి, కుమార్తెకు నాలుగు. రంగు నాణేనికి ఎవరు తమ జేబు నుండి ఎంత ఇస్తారో చెప్పమన్నాము. లక్ష అన్నవాడు మౌనం వహించాడు. పెద్దవాడు 3,000 అన్నాడు. ఆపా 5,000 ఇచ్చి తీసుకున్నది. ఆ సొమ్ము 2,000, 2,000, 1,000గా పంచబడింది, వెయ్యి ఆమె వాటాకే తిరిగి వచ్చింది.

అటువంటి నాణేన్ని రబ్బరు బ్యాండుతో గానీ, మెత్తని ప్లాస్టిక్ కవరులో గానీ ఉంచరాదు. రబ్బరులో గంధకం ఉంటుంది, ఆ రకం ప్లాస్టిక్ కాలక్రమంలో జిగురు విడుస్తుంది. గట్టి పారదర్శకమైన డబ్బీలో, తేమ పీల్చే పొట్లంతో పాటు ఉంచి, అంచులు మాత్రమే పట్టుకోవాలి. ఇవన్నీ ఆపాకు చెప్పాము. పండుగ ముందు ఇల్లు సర్దే కోడలి చింతపండు నుండి దానిని కాపాడడమే అన్నింటికన్నా కష్టంగా ఉన్నదని ఆమె మొన్న ఫోనులో నవ్వుతూ చెప్పింది.