అదే ఫైలు, వేరే మగ్గం

2021 అక్టోబరులో జావాస్క్రిప్టును నడిపే నోడ్ 17 విడుదలైంది. దాంతోపాటే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 దిగింది. పాతబడ్డ ఎండీ4 హ్యాష్‌ను అది మామూలుగా ఒప్పుకోదు. వెబ్ ఫైళ్ళను కట్టగట్టే వెబ్‌ప్యాక్ 4 మాత్రం ఆ ఎండీ4నే నమ్ముకుని ఉంది. ఇంకేముంది, నిన్నటిదాకా నడిచిన ప్రాజెక్టులు కొత్త నోడ్ వేసుకోగానే మొరాయించాయి. విరుగుడుగా ఒక్క లైను ఊరంతా తిరిగింది: నోడ్ ఆప్షన్లలో ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లెగసీ ప్రొవైడర్’ అని పెట్టు, నడుస్తుంది.

నడిచింది కూడా. అందరికీ కాదు. విండోస్ వాడే పిల్లాడికి లినక్స్ వాడి ‘ఎక్స్‌పోర్ట్’ అందింది. వాడికి కావలసింది ‘సెట్’. ఇంకొకరు ఐఫోన్‌లో చేత్తో టైపు చేసి పంపితే, పక్కపక్కనున్న రెండు చిన్న గీతలను ఫోను కలిపేసి ఒక పొడుగు గీతగా దిద్దింది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, టెర్మినల్ మాత్రం ఒప్పుకోదు. ఇక కోడును ఫొటో తీసి పంపే మహానుభావులున్నారు, వాళ్ళ సంగతి వదిలేద్దాం.

సూరత్‌లో ఉండి, ఒకచోట నడిచింది మరోచోట నడవని ఈ గొడవ తలుచుకుంటే మనసు లింబాయత్ వైపు పోతుంది. తెలంగాణ నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా మరమగ్గాలను నమ్ముకుని బతుకుతున్న పేట అది. కంప్యూటరు కన్నా ముందే ఆదేశాలను చిల్లులుగా పొడిచి దాచుకున్నది నేతపనే. 1804లో ఫ్రాన్సులోని లియోన్‌లో జకార్డు అనే ఆయన తన నేత యంత్రానికి చిల్లుల అట్టలు కట్టాడు. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. చిల్లు ఉన్నచోట హుక్కు లేస్తుంది, దానితో పడుగు దారం లేస్తుంది. 1839లో ఆయన బొమ్మనే పట్టుమీద నేయడానికి 24,000 అట్టలు పట్టాయి. అలాంటి నేత బొమ్మ ఒకటి కంప్యూటరుకు ఆద్యుడైన చార్లెస్ బాబేజీ సంపాదించుకుని ఇంట్లో పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చి చాలాచోట్ల అట్టల కట్టలు పోయాయి, డిజైను పెన్‌డ్రైవులో చేరి జేబులో పడి వెళ్తుంది. కానీ 2,688 హుక్కుల మగ్గానికి గీసిన నెమలిని తీసుకెళ్ళి వేరే లెక్క హుక్కులున్న మగ్గానికి ఎక్కిస్తే నెమలి రాదు. హుక్కులు సరిపోయినా, అంగుళానికి పేకలు ఎక్కువైతే బొమ్మ పొట్టిదవుతుంది, తగ్గితే సాగుతుంది. ఫైలులో తప్పేమీ లేదు. హుక్కులెన్ని, పేకలెన్ని, దారాలు ఏ వరుసలో కట్టారు అన్న కబురే దానితో రాలేదు.

మన ప్రోగ్రామర్ల రీడ్‌మీల్లోనూ లోటు అక్కడే. ‘ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ కొట్టండి, అంతే’ అని రాస్తారు. ఆ ‘అంతే’ దగ్గరే నాకు అనుమానం. రాసినవాడి మెషీన్లో ఏనాడో వేసుకున్న పైథాన్ ఉంటుంది, 3306 పోర్టు మీద డేటాబేస్ ముందే లేచి కూర్చుని ఉంటుంది. అవన్నీ వాడికి కనబడవు, అలవాటైపోయాయి. అందుకే సెటప్ నోట్సు రాయాల్సింది సీనియర్ కాదు, ఆఫీసులో చేరిన మొదటి రోజు కుర్రాడు. ఎక్కడెక్కడ ఆగిపోయాడో వాడికే తాజాగా గుర్తుంటుంది. అయితే ఆ పని వాడికి ఎవరూ అప్పజెప్పరు. వాడు కూడా ఎర్రర్ తొలగిందన్న సంబరంలో అన్నీ మరిచిపోతాడు. కోడు ముక్క పంపినవాడికి దండం పెట్టే ఎమోజీలు వస్తాయి, నోట్సు రాసినవాడికి అవీ రావు.

ఆ నోడ్ లైను మీదే ఒక ప్రాజెక్టులో మంచి కామెంటు చూశాను: ‘నోడ్ 17, వెబ్‌ప్యాక్ 4 ఉన్నంతవరకే. వెబ్‌ప్యాక్ 5కి మారాక తీసేయండి.’ వెర్షను, కారణం, ఎప్పటిదాకా అన్నది, మూడూ రెండు ముక్కల్లో చెప్పాడు. ఆ ప్రాజెక్టు వెబ్‌ప్యాక్ 5కి ఎప్పుడో మారింది. లైను మాత్రం ఇంకా అక్కడే ఉంది, కామెంటుతో సహా.